పుట్టకముందే పెట్టిన సంతకం

భద్రాచలం అడవి అంచున రాజకీయం మాట్లాడే భాషే వేరు. అక్కడ 'అంగీకారం' అంటే అడగకపోవడం. 'శాంతి' అంటే ఊళ్లకు ఊళ్లు ఖాళీ కావడం. మాటకు అర్థం మారితే పల్లె బతుకు ఎలా మారిపోతుందో చెప్పే కథనమిది.

భద్రాచలంలో రామయ్య దర్శనం చేసుకుని, కూనవరం రోడ్డు పట్టుకుని కాస్త దూరం వెళ్తే చాలు... పట్నం అయిపోతుంది. దాంతోపాటే తెలంగాణా అయిపోతుంది. ఆ పక్కన కనిపించే ఎటపాక ఆంధ్రప్రదేశ్‌. మధ్యలో ఏరు అడ్డం లేదు, కొండా అడ్డం లేదు. అటూ ఇటూ అవే పొలాలు, అవే తాటిచెట్లు, అదే యాస. కానీ రేషన్‌ కార్డు మీద ముద్ర వేరు. పిల్లల బడి పుస్తకం వేరు. రామయ్య గుడి తెలంగాణలో ఉంటే, ఆయన మాన్యం భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది!

ఈ గీత ఎవరు గీశారు? ఎప్పుడు గీశారు? ఆ ఊళ్లను అడిగే గీశారా?

జవాబు కోసం చట్టంలోని ఒకే ఒక్క వాక్యం దగ్గరకు వెళ్లాలి.

ఆంధ్రప్రదేశ్‌ పునర్విభజన చట్టం-2014లో 90వ సెక్షన్‌ పోలవరం గురించి చెబుతుంది. దాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది ఆ సెక్షనే. అందులోనే ఓ చిన్న ఉపసెక్షన్‌ ఉంది. పోలవరం ప్రాజెక్టుకు తెలంగాణ రాష్ట్రం తన అంగీకారం ఇచ్చినట్లే భావించాలన్నది దాని సారాంశం.

ఇప్పుడు తేదీలు చూడండి. ఆ బిల్లును లోక్‌సభ 2014 ఫిబ్రవరి 18న ఆమోదించింది. రాజ్యసభ 20న సరేనంది. మార్చి 1న రాష్ట్రపతి సంతకంతో చట్టమైంది. మరి తెలంగాణ రాష్ట్రం ఎప్పుడు పుట్టింది? జూన్‌ 2న!

అంటే అంగీకారం ఇచ్చే నాటికి ఆ రాష్ట్రానికి ముఖ్యమంత్రి లేడు, శాసనసభ లేదు, అసలు రాష్ట్రమే లేదు. 'ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం' అని మన పెద్దలు ఊరికే అన్నారా! ఇక్కడ వ్యవహారం ఇంకో అడుగు ముందుకెళ్లింది. పుట్టని సోమలింగం చేత సంతకం కూడా పెట్టించేశారు.

అబద్ధం కాదు... నిజమూ కాదు

చట్టం తెలిసినవాళ్లకు ఇదేమీ వింత కాదు. 'అయినట్లే భావించడం' అనేది కోర్టుల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. నోటీసు తీసుకోకుండా తిప్పిపంపిన మనిషికి అది అందినట్లే లెక్క. లేకపోతే ఏ కేసూ ముందుకు కదలదు. పని ఆగకుండా ఉండటానికి చట్టం పెట్టుకున్న ఏర్పాటు అది. అందులో మోసం లేదు.

కానీ, నోటీసు తిప్పిపంపిన మనిషికి ఓ అవకాశమైతే వచ్చింది. అతని గుమ్మం దాకా పోస్ట్‌మ్యాన్‌ వెళ్లాడు. ఇక్కడ ఎవరి గుమ్మం ముందుకూ ఎవరూ వెళ్లలేదు. 'అడిగాం, కాదన్నారు, అయినా చేస్తున్నాం' అంటే అది కఠినమైన మాటే కావచ్చు, నిజమైన మాట. 'అడిగే పనిలేదు, ఒప్పుకున్నట్లే' అంటే వినడానికి సౌమ్యంగా ఉంటుంది. నిజం మాత్రం అందులోంచి జారిపోతుంది. రాజకీయ భాషలో ఉన్న కిటుకే అది. నేరుగా అబద్ధం ఆడాల్సిన అవసరం అరుదుగా వస్తుంది. మాటకు అర్థం కాస్త పక్కకు జరిపితే సరిపోతుంది.

ఆ ఒక్క వాక్యం కింద ఎంతమంది ఉన్నారన్నది చూస్తే దాని బరువు తెలుస్తుంది. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 150 అడుగులు. మీటర్లలో 45.72. ఆ మట్టానికి నీరు నిలిపితే 370కి పైగా ఆవాసాల నుంచి లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. వాటిలో ఎక్కువ భాగం అప్పటి ఖమ్మం జిల్లావే. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా ఉంటున్న పల్లెలే.

ప్రాజెక్టు వల్ల మేలు జరిగేవాళ్లూ లక్షల్లోనే ఉన్నారు. సాగునీటి కోసం ఎదురుచూసే రైతులు, తాగునీరు కావాల్సిన పట్నాలు, కరెంటు... ఇవన్నీ నిజమైన అవసరాలే. ముంపు ఊళ్లు ప్రాజెక్టు కట్టే రాష్ట్రంలోనే ఉంటే పునరావాసం సాఫీగా సాగుతుందన్న వాదనలోనూ, భద్రాచలం డివిజన్‌ 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలోనే ఉండేదన్న చరిత్రలోనూ తప్పు లేదు. తప్పల్లా ఒక్కటే. ఇంత బలమైన వాదనలున్నప్పుడు వాటిని ఆ ఊళ్లకు వెళ్లి చెప్పి, అవునో కాదో అనిపించుకోవచ్చు కదా!

అది జరగలేదు. తెలంగాణ ఆవిర్భావానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు, 2014 మే 29న, కేంద్రం ఆర్డినెన్స్‌ తెచ్చింది. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగా. పట్నం మినహా భద్రాచలం మండలం, కొన్ని గ్రామాలు మినహా బూర్గంపాడు మండలం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. వార్తల్లో వాటికి 'ముంపు మండలాలు' అన్న పేరు స్థిరపడింది. నీళ్లు రాకముందే పేరులోకి ముంపు వచ్చేసింది. ఓ ఊరిని రోజూ 'ముంపు గ్రామం' అని పిలుస్తుంటే అక్కడ బడి కట్టాలనీ రోడ్డు వేయాలనీ ఎవరికి అనిపిస్తుంది?

కాంటూరు ఎవరి భాష?

ముంపు ఊళ్లలో వినిపించే మాటల్లో 'కాంటూరు' ఒకటి. సముద్రమట్టానికి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ ఇంజినీర్లు గీసే గీత అది. పోలవరంలో నీటిని రెండు దశల్లో నిలపాలనుకున్నారు. మొదట 41.15 మీటర్లు, తర్వాత 45.72 మీటర్లు. దాంతో ఊళ్లూ రెండుగా చీలిపోయాయి. కింది గీతలోపల ఉంటే ముందు పరిహారం, ముందు ఇల్లు. గీత అవతల ఉంటే ఎదురుచూపు.

2022 జులైలో గోదావరి ఆ గీతల్ని లెక్కచేయలేదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద అదే. కాగితం మీద రెండో దశలో ఉన్న ఊళ్లూ మునిగాయి. జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద తలదాచుకున్నారు. 'మేం ఇంకా మునగలేదంటున్న కాగితం ఎవరిది?' అన్నదే అప్పుడు కూనవరం, వరరామచంద్రాపురం వైపు రోడ్డెక్కిన జనం ఆందోళనలోని సారం. ఆ తర్వాత మళ్లీ సర్వే చేసి మరికొన్ని ఊళ్లను తొలిదశలో చేర్చారు. అంటే గీత తప్పని చివరికి ఒప్పుకున్నట్లే.

రాజకీయం మాత్రం వరదలోనూ తన భాష తాను మాట్లాడింది. భద్రాచలం మునగడానికి పోలవరమే కారణమని తెలంగాణ మంత్రులు అన్నారు. కానేకాదని ఆంధ్రప్రదేశ్‌ మంత్రులు అన్నారు. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను తెలంగాణలో తిరిగి కలపాలన్న డిమాండూ మళ్లీ ముందుకొచ్చింది. నీళ్లు అవే. మునిగిన ఇళ్లూ అవే. సరిహద్దుకు అటు ఒక నిజం, ఇటు ఒక నిజం!

శాంతి పేరుతో వేట

చింతూరు దాటి శబరి వెంట పైకి వెళ్తే కుంట వస్తుంది. అది ఛత్తీస్‌గఢ్‌. ఆ అడవిలో 2005 జూన్‌లో ఓ కొత్త మాట పుట్టింది- సల్వాజుడుం.

మావోయిస్టులకు వ్యతిరేకంగా ఆదివాసులే స్వచ్ఛందంగా మొదలుపెట్టిన ఉద్యమమని ప్రభుత్వం చెప్పింది. ఆ పేరుకు 'శాంతి యాత్ర' అని అర్థం చెప్పారు. పత్రికలూ అలాగే రాశాయి. కానీ అది గోండీ మాట. ఆ భాష తెలిసినవాళ్లు చెప్పే అర్థం వేరు- శుద్ధి చేసే వేట. ఊరంతా కలిసి చేసే వేట. యాత్రకూ వేటకూ ఎంత తేడా ఉందో అడవిలో ఉండేవాళ్లకు ఒకరు చెప్పాలా? ఢిల్లీకీ రాయ్‌పుర్‌కీ 'శాంతి' అని వినిపించిన మాట, ఆ పల్లెలకు వాళ్ల భాషలో 'వేట' అనే వినిపించింది.

వందల ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇళ్లు తగలబడ్డాయి. జనాన్ని రోడ్డు పక్కన శిబిరాలకు తరలించారు. వాటి పేరు 'సహాయ శిబిరాలు'. యువకుల చేతికి తుపాకులిచ్చి 'ప్రత్యేక పోలీసు అధికారులు' అన్నారు. ఐదో తరగతి చదివి ఉంటే ప్రాధాన్యం. నెలకు మూడువేల రూపాయలు. దానికి పేరు జీతం కాదు, 'గౌరవ వేతనం'. ఆ శిబిరాల మీద, ఆ కుర్రాళ్ల మీద మావోయిస్టులు విరుచుకుపడ్డారు. 2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీద జరిగిన దాడిలో పదుల మంది ఆదివాసులే చనిపోయారు. చంపినవాళ్లూ ఆదివాసుల కోసమేనన్నారు. చేతికి తుపాకీ ఇచ్చినవాళ్లూ ఆదివాసుల కోసమేనన్నారు!

2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ధర్మాసనంలో ఒకరు మన జస్టిస్‌ బి.సుదర్శన్‌రెడ్డి, మరొకరు జస్టిస్‌ ఎస్‌.ఎస్‌.నిజ్జర్‌. చదువు, శిక్షణ సరిగా లేని గిరిజన యువకులకు ఆయుధాలిచ్చి పోరుకు పంపడం రాజ్యాంగ విరుద్ధమన్నారు. తర్వాత ఏమైంది? అదే ఏడాది ఛత్తీస్‌గఢ్‌ ప్రభుత్వం ఓ చట్టం తెచ్చి 'సహాయక సాయుధ పోలీసు దళం' ఏర్పాటుచేసింది. పాత ప్రత్యేక పోలీసులను అందులోకి తీసుకున్నారు. మనుషులు వాళ్లే, పేరు మారింది. ఇది కోర్టు ధిక్కారమంటూ వేసిన పిటిషన్‌ మీద 2025లో సుప్రీంకోర్టు, చట్టసభ ఓ చట్టం చేయడం ధిక్కారం కిందికి రాదని తేల్చింది. చట్టం దృష్టిలో ఆ అధ్యాయం అక్కడితో ముగిసింది.

ఇది మనకే పుట్టిన జబ్బేమీ కాదు. 1950లో మలయాలో బ్రిటిష్‌వాళ్లు లక్షల మందిని అడవి అంచుల నుంచి తరలించి కంచెలు వేసిన ఊళ్లలో పెట్టారు. వాటికి 'కొత్త గ్రామాలు' అని పేరు. పన్నెండేళ్లకు వియత్నాంలో అదే పని 'వ్యూహాత్మక పల్లెలు' అన్న పేరుతో జరిగింది. బిహార్‌లోని మోతీహారిలో పుట్టిన ఆంగ్ల రచయిత జార్జ్‌ ఆర్వెల్‌ 1946లోనే దీని గురించి హెచ్చరించారు. దిక్కులేని పల్లెల మీద బాంబులు వేసి, జనాన్ని తరిమేసి, ఆ పనికి శాంతి స్థాపన అని పేరుపెట్టే భాషను ఓ వ్యాసంలో ఎండగట్టారు. అంత దూరం ఎందుకు? 1948 సెప్టెంబరులో హైదరాబాద్‌ సంస్థానంలోకి వెళ్లింది భారత సైన్యం. మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరు ఇప్పటికీ 'పోలీసు చర్యే'!

సరిహద్దు దాటితే మనిషి మారతాడా?

సల్వాజుడుం మంటల నుంచి తప్పించుకున్న వేలమంది అడవి దారుల్లో నడిచి అప్పటి ఖమ్మం జిల్లాలోకి వచ్చారు. పిల్లల్ని చంకనేసుకుని, కోళ్లనూ గిన్నెలనూ కావడికెత్తుకుని వచ్చారు. చింతూరు, చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో వాగుల పక్కన గుడిసెలు వేసుకున్నారు. మిరప చేలల్లో కూలికెళ్లారు. కాస్త అడవి కొట్టి పోడు చేసుకున్నారు.

ఇక్కడివాళ్లు వాళ్లకు 'గుత్తికోయలు' అని పేరుపెట్టారు. వాళ్లు తమను మురియాలమనో, కోయతూర్‌లమనో చెప్పుకుంటారు. వాళ్ల మాట ఇక్కడి కోయ భాషకు దగ్గరి చుట్టమే. అయినా ఆ పేరుతో ఓ తెర దిగిపోయింది. షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రానికి ఒకటి ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనుడైన మనిషి వాగు దాటి ఇటు రాగానే గిరిజనుడు కాకుండాపోయాడు. కుల ధ్రువీకరణ లేదు. దాంతో ముడిపడిన వసతీ లేదు.

ఇంకో మాట కూడా ఇలాంటిదే. వీళ్లను 'నిర్వాసితులు' అంటే ప్రభుత్వానికి ఓ బాధ్యత వస్తుంది. ఎక్కడ ఉంచాలి, ఏం తినిపించాలి, ఎప్పుడు తిరిగి పంపాలి అని ఆలోచించాలి. 'వలస వచ్చినవాళ్లు' అంటే ఏ బాధ్యతా ఉండదు, వాళ్లంతట వాళ్లే వచ్చినట్లు. 'ఆక్రమణదారులు' అంటే ఖాళీ చేయించడమే బాధ్యత అవుతుంది. మనిషి ఒకడే. ఏ పేరుతో పిలుస్తామన్నదాన్ని బట్టి అతనికి అన్నం దొరుకుతుందా, జేసీబీ ఎదురవుతుందా అన్నది తేలిపోతుంది.

అటవీ హక్కుల చట్టం వీళ్లను ఆదుకోలేదా? 2006లో పార్లమెంటు చేసిన ఆ చట్టం గొప్పదే. గిరిజనులకు జరిగింది 'చారిత్రక అన్యాయం' అని చట్టం పీఠికలోనే ఒప్పుకొన్నారు. ప్రభుత్వ భాషలో అంత సూటి మాట వినడం అరుదు. కానీ హక్కు దక్కాలంటే 2005 డిసెంబరు 13 నాటికే ఆ భూమిలో ఉండాలి. సల్వాజుడుం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో. ఊళ్లు తగలబడుతుంటే పరుగెత్తుకొచ్చిన వాళ్లలో చాలామంది ఆ తేదీ దాటాకే ఇక్కడికి చేరారు. తెలంగాణ ప్రభుత్వం 2023 జూన్‌ చివర మొదలుపెట్టి సుమారు లక్షా 51 వేల మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చినప్పుడూ ఆ తేదీ గోడలాగే నిలిచింది.

గోడకు ఇటువైపు పనిచేసే అటవీ సిబ్బంది బతుకూ తేలికేం కాదు. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ప్లాంటేషన్‌ మొక్కల దగ్గర జరిగిన గొడవలో ఓ రేంజ్‌ అధికారి ప్రాణం పోయింది. నేరం చేసిన ఇద్దరికి కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. అది న్యాయం. కానీ ఆ వెంటనే గుత్తికోయలందరినీ పంపించేయాలన్న మాట లేచింది. ఇద్దరు చేసిన పని ఓ పేరున్న వాళ్లందరి మీదా పడింది. పేరుకు ఉన్న ప్రమాదం అదే. మంచి చేయాల్సినప్పుడు విడదీస్తుంది, శిక్ష వేయాల్సినప్పుడు కలిపేస్తుంది.

రెండు తుపాకుల భాష

ఈ అడవి వార్తలు దశాబ్దాలుగా చదివినవారికి కొన్ని వాక్యాలు కంఠతా వచ్చేసి ఉంటాయి. కూంబింగ్‌కు వెళ్లిన పోలీసులకు మావోయిస్టులు తారసపడటం, లొంగిపొమ్మన్నా వినకుండా కాల్పులు జరపడం, ఆత్మరక్షణకు ఎదురుకాల్పులు... ఊరు మారుతుంది, అంకె మారుతుంది, వాక్యం మారదు. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. నిజంగా జరిగిన పోరులో పోలీసులూ ప్రాణాలిచ్చారు. కానీ ఎప్పుడూ ఒకే వాక్యం వాడితే ఏది నిజమో ఏది కాదో తెలిసేదెలా?

అవతలి తుపాకీ భాషా అంతే. తెల్లారేసరికి రోడ్డు మీద ఓ శవం. పక్కన ఓ లేఖ. 'ఇన్‌ఫార్మర్‌' అన్న ఒక్క మాటే అందులో నేరం, సాక్ష్యం, తీర్పు. దాని పేరు 'ప్రజాకోర్టు'. చనిపోయినవాడు సెల్‌ఫోన్‌ వాడిన పాపానికి పోయాడో, పాత పగకు బలయ్యాడో అడిగే వకీలు ఆ కోర్టులో ఉండడు.

ఈ భాషను కట్టడి చేసే ప్రయత్నం న్యాయస్థానాల్లో జరిగింది. ఎన్‌కౌంటర్‌ మరణాల్లో పోలీసుల మీద కేసు నమోదు చేసి, ఆత్మరక్షణ అన్న వాదనను కోర్టులోనే తేల్చుకోవాలని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. దాన్ని సుప్రీంకోర్టు నిలిపేసింది. తర్వాత 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టే 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రతి ఘటన మీదా ఎఫ్‌ఐఆర్‌, సంబంధంలేని మరో బృందంతో దర్యాప్తు, మెజిస్టీరియల్‌ విచారణ తప్పనిసరి అంది. ఘటన జరగ్గానే పదోన్నతులు, పతకాలు ఇవ్వొద్దంది. ఒక్క మాటలో చెప్పాలంటే- 'ఎదురుకాల్పులు' అన్న మాటను ఎవరు వాడినా, దాన్ని నిరూపించాలి.

ఒక్క మాట గెలిచిన రోజు

మాటతో మోసం చేయడమేనా... మాటను పట్టుకుని గెలవడం కుదరదా? కుదిరింది. ఆ కథ ఈ అడవికి దూరంగా, విశాఖ మన్యంలో జరిగింది. మేలు మాత్రం భద్రాచలం ఏజెన్సీ దాకా వచ్చింది.

ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదని 1959లో నిబంధన వచ్చింది. దాన్నే 1 ఆఫ్‌ 59 అంటారు. 1970లో చేసిన సవరణ, మనవాళ్లు చెప్పే '1 ఆఫ్‌ 70', దాన్ని ఇంకా బిగించింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే అనుకోవాలి. కాదని నిరూపించుకునే బాధ్యత ఆ గిరిజనేతరుడిదే. ఇక్కడా ఉన్నది 'అనుకోవాలి' అన్న మాటే. తేడా గమనించారా? పోలవరం వాక్యంలో కాదని చెప్పే దారి లేదు. ఇక్కడ నిరూపించుకునే అవకాశం ఉంది. పైగా ఆ మాట బలహీనుడి పక్షాన నిలబడింది.

అయినా తెల్లకాగితం మీద రాతలు, బినామీ పేర్లు ఆగలేదు. ఇంతలో బొర్రా ప్రాంతంలో గనులను ప్రభుత్వమే ప్రైవేటు సంస్థలకు లీజుకిచ్చింది. 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్లింది. వివాదమంతా ఒక్క మాట చుట్టూ తిరిగింది- 'వ్యక్తి'. ఏ వ్యక్తీ గిరిజనేతరులకు భూమి ఇవ్వకూడదని చట్టం అంటోంది. మరి ప్రభుత్వం వ్యక్తి అవుతుందా?

1997 జులై 11న సుప్రీంకోర్టు అవుతుందని తేల్చింది. ఏజెన్సీలోని ప్రభుత్వ భూమినైనా సరే, గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది. ఒక్క మాటకు సరైన అర్థం చెప్పినందుకు కొండలకు కొండలు నిలబడ్డాయి.

ఇంకో రెండు మాటల కథా తెలుసుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమి సేకరించేముందు గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో 'సంప్రదించాలి' అని 1996 నాటి పెసా చట్టం చెప్పింది. సంప్రదించడమంటే చెప్పడమే అనుకున్నారు అధికారులు. చెప్పి, సంతకాలు తీసుకుని వచ్చేశారని గిరిజన సంఘాలు మొత్తుకుంటూ వచ్చాయి. 2013 భూసేకరణ చట్టం ఆ మాట మార్చింది. 'ముందస్తు అంగీకారం' ఉండాలంది. ఆ చట్టం 2014 జనవరి 1న అమల్లోకి వచ్చింది. సరిగ్గా రెండు నెలలకు పునర్విభజన చట్టంలో 'అంగీకారం ఇచ్చినట్లే' అన్న మాట చేరింది. మొదటిది పల్లె అంగీకారం, రెండోది రాష్ట్రం అంగీకారం. రెండూ వేర్వేరే. కానీ అంగీకారం అన్న మాటకు జనవరిలో పెంచిన విలువ మార్చి నాటికి ఏమైందో ఎవరికి వాళ్లు లెక్కేసుకోవచ్చు.

గోదావరి చెప్పే నిజం

భద్రాచలంలో ఓ భాష ఉంది. దాంట్లో ఎవరూ ఎవర్నీ మోసం చేయలేరు. అది స్నానఘట్టాల దగ్గర గోదావరి నీటిమట్టం భాష. 43 అడుగులొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అయితే రెండోది. 53 అయితే మూడోది. బడికెళ్లే పిల్లాడికీ వీటి అర్థం తెలుసు. ఎప్పుడు మూట సర్దాలో, ఎప్పుడు గొడ్లను విప్పాలో ఆ అంకె చెబుతుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా 43 అంటే 43 అడుగులే. ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు.

రాజకీయం మాటలకూ అలాంటి కొలతే కావాలి. 'అంగీకారం' అంటే ఎవరు, ఏ రోజు, ఏ భాషలో ఇచ్చారో చూపించగలగాలి. 2011 జనగణనలో కోయ మాతృభాషగా రాయించినవాళ్లు నాలుగు లక్షలకు పైనే. ఉమ్మడి రాష్ట్రంలో 2004 తర్వాత తెలుగు లిపిలోనే కోయ వాచకాలు అచ్చువేసి పిల్లలకు పాఠాలు చెప్పారు. ఒకటో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆ భాష పనికొచ్చినప్పుడు, వాళ్ల అమ్మానాన్నల భూమి సంగతి చెప్పడానికి ఎందుకు పనికిరాదు? గ్రామసభ తీర్మానాన్ని కోయలో చదివి వినిపించి, వద్దన్న చేతుల్ని కూడా లెక్కపెట్టి రాస్తే పెద్ద ఖర్చేమీ కాదు. ఒక పూట ఆలస్యమవుతుంది, అంతే.

కూనవరం రోడ్డులో బస్సు ఇప్పటికీ నాలుగు నిమిషాల్లో రాష్ట్రం దాటేస్తుంది. ప్రయాణికులకు తెలియదు కూడా. ఆ గీత మీదే బతికేవాళ్లకు మాత్రం ప్రతి కాగితం మీదా అది తెలుస్తూనే ఉంటుంది. వాళ్లను అడిగి గీసినా గీత ఇక్కడే పడేదేమో. అడిగి ఉంటే మాత్రం, ఆ సంతకం వాళ్లది అయ్యుండేది.

-----

ఈ మాటలు వినిపిస్తే... ఒక్క క్షణం!

పత్రికలోనో టీవీలోనో ఈ మాటలు ఎదురైనప్పుడు ఇంట్లో పిల్లలతో కలిసి ఈ ప్రశ్నలు వేసి చూడండి.

భావించాలి: ఎవరు భావించారు? కాదని చెప్పే దారి ఉంచారా?

సంప్రదింపులు జరిపాం: వద్దంటే ఆగేవారా? ఆగకపోతే అది సంప్రదింపు కాదు, సమాచారం.

పునరావాసం: ఆవాసం అంటే ఇల్లు. ఇల్లు ముందు ఇచ్చారా, ఊరు ముందు ఖాళీ చేయించారా?

ఆక్రమణ: ఎప్పటి నుంచి ఉంటున్నారు? అడవిని అడవి అని ప్రకటించడానికి ముందా, తర్వాతా?

ఎదురుకాల్పులు: అది పోలీసులు చెప్పిన మాటా, విచారణలో తేలిన మాటా?

ఇన్‌ఫార్మర్‌: చనిపోయిన మనిషికి జవాబు చెప్పే అవకాశం ఎవరిచ్చారు?

జనజీవన స్రవంతి: లొంగిపోయి తిరిగొచ్చిన మనిషి ఊరికి రోడ్డు, బడి, ఆసుపత్రి ఉన్నాయా? లేకపోతే స్రవంతి ఎక్కడున్నట్లు?